చెరకు తోట గీసిన దీవి: మారిషస్‌లో ఆరు రోజులు

మారిషస్ మ్యాపు మీద ఊళ్ళ పేర్లు చదువుకుంటూ పోతే చాలామటుకు పాత చక్కెర ఎస్టేట్ల పేర్లే తగులుతాయి. బెల్ వ్యూ, బో ప్లాన్, ట్రియనాన్, యూనియన్ ఫ్లాక్, రిష్ ఆన్ ఓ... ముందు మిల్లు పెట్టారు, తర్వాత కూలీల లైన్లు కట్టారు, ఊరు చివర్లో వచ్చింది. ఎవరు ఎక్కడ ఉంటున్నారు, ఏ గుడికి వెళ్తున్నారు, పొద్దున్నే ఏం తింటున్నారు అన్నవాటికి ఇప్పటికీ ఆ ఎస్టేట్ల లెక్కలోనే సమాధానం దొరుకుతుంది. కిందిది ఆ కోణంలో వేసుకున్న ప్రయాణం. బీచ్ కోసమే వెళ్ళేవాళ్ళకు ఇది పెద్దగా పనికిరాదు.

వెళ్ళడానికి జూన్ చివరి నుంచి నవంబరు వరకు మంచి సమయం. చెరకు కోత, మిల్లుల గానుగ ఆ నెలల్లోనే. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్లు. హెచ్చరిక స్థాయి పెరిగితే బస్సులు, ఆఫీసులు, మ్యూజియాలు అన్నీ మూసేస్తారు, ఆ రోజు పోయినట్టే. మకాం ఉత్తరాన గ్రాండ్ బే రిసార్టుల్లో పెట్టొద్దు. పీఠభూమి మీద కాత్ర్ బోర్న్‌లోనో రోజ్‌హిల్‌లోనో ఉంటే ఏ మూలకైనా గంట, గంటన్నరలో చేరొచ్చు, పోర్ట్ లూయీకి మెట్రో కూడా ఉంది. కారు అద్దెకు తీసుకుంటే మనలాగే ఎడమ పక్క నడపాలి. కోత రోజుల్లో చెరకు లారీల వెనక ఇరుక్కోవడం మాత్రం తప్పదు.

మొదటి రోజు: విమానాశ్రయం, మహేబూర్

ముంబయి, ఢిల్లీల నుంచి నేరుగా విమానాలున్నాయి. హైదరాబాదు, విశాఖ వాళ్ళు ముంబయిలో మారడం తేలిక. పర్యటనకు భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, కానీ తిరుగు టికెట్టు, బస చేసే చోటు కాగితం ఇమిగ్రేషన్‌లో అడుగుతారు. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి.

విమానాశ్రయం ఆగ్నేయ మూలలో ఉంది, మహేబూర్ పక్కనే. ఆ తీరంలోనే 1598లో డచ్చివాళ్ళు దిగారు. 1639లో జావా నుంచి చెరకు తెచ్చి నాటింది వాళ్ళే. అయితే చక్కెర కన్నా సారా కోసమే ఎక్కువ వాడారు. మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చిందీ వాళ్ళే. 1710లో దీవి వదిలేసి పోయారు. 1715లో ఫ్రెంచివాళ్ళు జెండా పాతారు. 1735 నుంచి 1746 దాకా గవర్నరుగా ఉన్న మహె ద లా బూర్దొనే కాలంలో చక్కెర మిల్లు, రేవు, రోడ్లు అన్నీ బానిసల చేతుల మీద లేచాయి. ఆ బానిసలను చవగ్గా మేపడానికి ఆయన తెప్పించిన దుంప కర్రపెండలం. మహేబూర్‌లో 1870 నుంచి నడుస్తున్న రో కుటుంబం ఫ్యాక్టరీలో ఆ పిండితో బిస్కెట్లు ఇప్పటికీ చేస్తారు. పని దినాల్లో ఉదయం వెళ్తే తయారీ చూడనిస్తారు. బానిసల తిండి ఇప్పుడు టీతో నంజుకునే నాస్టాల్జియా సరుకు అయింది.

దారిలో పొలాల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. ఇది అగ్నిపర్వత దీవి, నేలంతా బసాల్టు. చెరకు వేయాలంటే ముందు రాయి ఏరాలి. యంత్రాలు రాకముందు ఏరి పేర్చిన గుట్టలు అవి, కొన్ని రెండంతస్తుల ఎత్తున ఉంటాయి. దీవిలో కూలిపని అంటే ఏమిటో చూపించే స్మారకాల్లో వీటికన్నా గట్టివి లేవు, టికెట్టు కూడా లేదు.

రెండో రోజు: పోర్ట్ లూయీ

పొద్దున్నే ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్ళాలి. ప్రవేశం ఉచితం. ఆదివారం మూసేస్తారు, శనివారం మధ్యాహ్నం దాకానే, కాబట్టి ఈ రోజును వారం మధ్యలో పెట్టుకోవడం మేలు. భారత కూలీలు ఓడ దిగిన డిపో ఇది, పాత పేరు కూలీ ఘాట్. 2006లో యునెస్కో జాబితాలో చేరిన ఈ స్థలం విస్తీర్ణం 1,640 చదరపు మీటర్లు మాత్రమే. డిపోలో చాలా భాగం తర్వాత వేసిన రోడ్డు కింద పోయింది. మిగిలినవాటిలో గేటు కాపలావాడి గది, ఆసుపత్రి భాగం, వంటశాల, మరుగుదొడ్ల పునాదులు, నీటి అంచున రాతి మెట్లు ఉన్నాయి.

ఇక్కడ క్రమం తెలుసుకుంటే శిథిలాలు అర్థమవుతాయి. ఓడలో అంటువ్యాధి ఉంటే ముందు చిన్న దీవుల్లో క్వారంటైను. అది దాటాక ఈ మెట్ల మీదుగా డిపోలోకి. రెండు రోజులపాటు ఇక్కడే తిండి, నిద్ర, వైద్య పరీక్ష, రిజిస్టరులో నమోదు. ఒక్కొక్కరికి ఒక నంబరు. తర్వాత ఎస్టేటు మనిషి వచ్చి తోలుకుపోతాడు.

ఇదంతా ఎందుకు మొదలైందో తెలియాలంటే కొంచెం లెక్క చూడాలి. బ్రిటిష్‌వాళ్ళు 1810 డిసెంబరులో దీవిని గెలుచుకున్నారు, కానీ లొంగుబాటు షరతుల ప్రకారం ఫ్రెంచి యజమానుల ఆస్తి, చట్టం, మతం, ఆచారాలు అలాగే వదిలేశారు. అందుకే ఇవాళ్టికీ పార్లమెంటు ఇంగ్లీషులో నడుస్తుంది, పేపర్లు ఫ్రెంచిలో వస్తాయి, సివిల్ కోడ్ ఫ్రెంచిది, వీధి భాష ఫ్రెంచి మాటల్లోంచి పుట్టిన క్రెయోల్. 1825లో లండను మారిషస్ చక్కెర మీద సుంకాన్ని కరీబియన్ చక్కెరతో సమానం చేసింది. దాంతో దీవంతా చెరకైంది. పదేళ్ళకు, 1835 ఫిబ్రవరి 1న, బానిసత్వం రద్దయింది. పరిహారంగా 20 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. వచ్చింది యజమానులకు. బానిసలకు దక్కింది మరో నాలుగేళ్ళ నిర్బంధ "అప్రెంటిస్" పని. ఆ పరిహారం సొమ్ముతో యజమానులు ఆవిరి యంత్రాలు కొన్నారు, భారతదేశం నుంచి కూలీలను తెచ్చారు. తొలి జట్టు మాత్రం రద్దుకు కొన్ని నెలల ముందే, 1834 నవంబరు 2న అట్లాస్ ఓడలో కలకత్తా నుంచి దిగింది, 36 మంది. ఒప్పందం ఐదేళ్ళు, జీతం నెలకు 5 రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి వచ్చినవాళ్ళు నాలుగున్నర లక్షలు దాటారు. అందులో సుమారు మూడో వంతు మద్రాసు రాష్ట్రం వైపు నుంచి.

ఘాట్ నుంచి కొద్ది నిమిషాల నడకలో పాత మిలిటరీ ఆసుపత్రి ఉంది. బూర్దొనే కాలపు కట్టడం; 2023లో బానిసత్వ మ్యూజియంగా తెరిచారు. రెండూ ఒకే పూట చూడటం ముఖ్యం. దీవిలో ఈ రెండు చరిత్రలను రెండు కులాల్లా విడదీసి చెప్పుకునే అలవాటుంది: బానిసత్వం క్రెయోళ్ళది (బానిసల వారసులను అలా అంటారు), కూలీ ఒప్పందం భారతీయులది. తోట మాత్రం ఒకటే, కొరడా పట్టుకున్న చెయ్యీ ఒకటే.

మధ్యాహ్నం సెంట్రల్ మార్కెట్ దగ్గర దాల్ పూరీ. భోజ్‌పురీవాళ్ళ పండగ వంటకం ఇక్కడ వీధి తిండి అయింది. పసుపు వేసిన బఠాణీ పప్పును వేళ్ళతో నొక్కితే చితికేంతవరకే ఉడికిస్తారు. వార్చిన నీళ్ళతోనే మైదా కలుపుతారు. పప్పును బాగా ఆరనిచ్చి, వేయించిన జీలకర్రతో పొడిపొడిగా విసిరి, బొబ్బట్టులో పూర్ణం పెట్టినట్టు నింపి, కాగితమంత పల్చగా ఒత్తుతారు. పప్పు మెత్తబడినా, తడి మిగిలినా ఒత్తేటప్పుడు చిరిగిపోతుంది. అందుకే ఇంట్లో చేసేవాళ్ళు తక్కువ, బండి దగ్గర వరస పెద్దది. ఎప్పుడూ జతగానే అమ్ముతారు. లోపల పెద్ద చిక్కుడు గింజల కూర, టమాటాతో చేసే క్రెయోల్ రుగాయ్, కొత్తిమీర పచ్చడి. పక్క బండిలో గాతో పిమా ఉంటుంది. పప్పు రుబ్బి, పచ్చిమిర్చి వేసి నూనెలో దింపే ఆ ముద్దను మనవాళ్ళు చూడగానే మసాలా వడ అంటారు. దాన్ని వెన్న రాసిన ఫ్రెంచి రొట్టెలో పెట్టుకుని పొద్దున్నే తినడమే ఇక్కడి పద్ధతి.

సాయంత్రం ఐదు దాటితే పోర్ట్ లూయీ ఖాళీ అయిపోతుంది. ఆలోగా బయటపడాలి.

మూడో రోజు: ఉత్తరాన మిల్లులు

పాంప్లెమూస్ తోట అందరూ చూస్తారు, పెద్ద తామరాకుల దగ్గర ఫొటో దిగుతారు, గంట చాలు. అసలు సమయం పక్కనున్న బో ప్లాన్‌కు ఇవ్వాలి. 1999లో మూతపడ్డ మిల్లును యంత్రాలతో సహా అలాగే ఉంచి మ్యూజియం చేశారు. తీరిగ్గా చూస్తే మూడు గంటలు పడుతుంది.

యంత్రాల వరసలో నడిస్తే పని తీరు తెలుస్తుంది. చెరకును ముక్కలు చేసి రోలర్ల మధ్య నలుపుతారు. రసంలో సున్నం వేసి కాస్తారు. బెల్లం వండే ఊళ్ళవాళ్ళకు ఈ సంగతి తెలిసిందే, సున్నం పులుపును విరిచి మురికిని కిందికి దింపుతుంది. తేటను గాలి తీసేసిన పాత్రల్లో తక్కువ వేడి మీద చిక్కబరుస్తారు, గింజ కట్టాక గిర్రున తిప్పే డ్రమ్ముల్లో మడ్డి వేరు చేస్తారు. వంద కిలోల చెరకుకు చక్కెర పది, పదకొండు కిలోలు. పిప్పి ముప్పై కిలోల దాకా మిగులుతుంది, అదే బాయిలరుకు వంటచెరకు. ఇప్పుడు దాంతో కరెంటు తీసి గ్రిడ్డుకు అమ్ముతున్నారు.

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క విషయం పట్టుకుంటే తోట సమాజం ఎందుకంత కరకుగా తయారైందో అర్థమవుతుంది. కొట్టిన చెరకును ఒకటి రెండు రోజుల్లో ఆడించకపోతే అందులోని చక్కెర విరిగిపోతుంది, గింజ కట్టదు. అంటే కోతగాడు, బండివాడు, మిల్లువాడు ఒకే తాళంలో నడవాలి, రాత్రీ పగలూ. కాబట్టి కూలీ మిల్లు పక్కనే ఉండాలి, కదలకూడదు, మానకూడదు. ఒక్క రోజు మానితే రెండు రోజుల జీతం కోసే "డబుల్ కట్" అందుకే పుట్టింది. 1867 చట్టం ప్రకారం ఒప్పందం తీరిన పాత కూలీ కూడా ఫొటో అంటించిన టికెట్టు, పోలీసు పాసు లేకుండా జిల్లా దాటితే దేశదిమ్మరి కింద అరెస్టు. పోయిన టికెట్టుకు మారు టికెట్టు కావాలంటే డబ్బు కట్టాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడులో పట్టుబడితే మళ్ళీ కేసు. 1871లో అదోల్ఫ్ ద ప్లెవిట్స్ అనే తోట యజమాని సాయంతో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టారు. తోటి యజమానులు ఆయన్ను దీవి నుంచి వెళ్ళగొట్టాలన్నారు. మరుసటి ఏడు రాయల్ కమిషన్ వచ్చింది, 1875లో నివేదిక ఇచ్చింది, కూలీల ఆరోపణలు చాలావరకు నిజమేనని తేల్చింది.

తిరుగు దారిలో ఆంత్వానెత్ చూడొచ్చు. తొలి కూలీలను పంపింది ఆ ఎస్టేటుకే. ఇప్పుడు చెరకు మధ్యన మిగిలింది కొద్దిగానే. బెల్ వ్యూలో అంజలై స్టేడియం ముందు కూడా కాసేపు ఆగాలి. 1943 సెప్టెంబరు 27న అక్కడి ఎస్టేటు కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళలో అంజలై కూపెన్ గర్భిణి. ఓట్ల రాజకీయం, కార్మిక సంఘాలు, 1968 మార్చి 12 స్వాతంత్ర్యం, అన్నీ ఆ తోటల కోపంలోంచే లేచాయి.

నాలుగో రోజు: ట్రియనాన్, మోకా, తెలుగువాళ్ళు

ట్రియనాన్‌లో షాపింగ్ మాల్‌కు దగ్గర్లో కమాను కప్పులున్న రాతి గదుల వరస ఉంది. పాత కూలీల లైన్లు. గది కొలత కళ్ళతో చూస్తే చాలు, కుటుంబాలకు కుటుంబాలు అందులో ఎలా సర్దుకున్నాయో. లోపలికి గాలి రావడానికి తలుపు తప్ప పెద్దగా దారి లేదు. ఎస్టేటు భూమి మాలైంది, లైన్లు స్మారకమయ్యాయి. చక్కెర ధర పడిపోయాక దీవంతా జరుగుతున్నది ఇదే. ఐరోపా కోటా 1975 నుంచి ఏటా ఐదు లక్షల టన్నులకు పైగా చక్కెరను మంచి ధరకు కొనేది. 2009కల్లా ఆ ధర 36 శాతం తగ్గింది, ఒప్పందం ముగిసింది. మిల్లులు మూడు మిగిలాయి. భూమి మాత్రం చాలావరకు పాత కుటుంబాల కంపెనీల దగ్గరే ఉంది, ఇప్పుడు విల్లాలుగా, స్మార్ట్ సిటీలుగా అమ్ముడవుతోంది.

మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీల రిజిస్టర్లున్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఓడ, కొందరికి ఫొటో. నడిచి వెళ్ళి చూసే చోటు కాదు, ముందే రాసి అనుమతి తీసుకోవాలి. ఇక్కడి వారసులు జనన, వివాహ పత్రాలతో వెనక్కి ఒక్కో తరం ఎక్కుతూ కూలీ నంబరు దాకా వెళ్తారు. ఆంధ్ర వైపు నుంచి వెతికేవాళ్ళు తడబడేది జిల్లా పేర్ల దగ్గరే. శ్రీకాకుళం అని వెతికితే దొరకదు; అప్పట్లో చికాకోల్, గంజాం జిల్లా. విశాఖ, విజయనగరం ప్రాంతాలు వైజాగపటం. గోదావరి జిల్లా 1859లో ఏర్పడింది, అంతకు ముందు వెళ్ళినవాళ్ళకు రాజమండ్రి జిల్లా అని ఉంటుంది. ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు, కాబట్టి పైకి చదివి చూసుకోవాలి. ఇంటిపేరు వెతకడం దండగ, రిజిస్టరులో దానికి గడే లేదు. మనిషి పేరో తండ్రి పేరో తర్వాతి తరాలకు ఇంటిపేరై కూర్చుంది. అలా ఇవాళ అప్పన్న, సింహాద్రి అనేవి అక్కడ ఇంటిపేర్లు.

తెలుగువాళ్ళను ఇక్కడ కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చారని. 1839 నవంబరు తుపానులో ఆ రేవు దెబ్బతింది. అదే ఏడు భారత ప్రభుత్వం కూలీల ఎగుమతిని ఆపేసింది కూడా. 1842–43లో మళ్ళీ తెరిచాక మద్రాసు డిపో పెద్ద దారి అయింది. సర్కారు కాగితాల్లో తమిళులు, తెలుగువాళ్ళు అంతా కలిపి "మద్రాసు".

ఈ ముద్దలోంచి తెలుగు అస్తిత్వం ఎలా విడివడింది అన్నది ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే విషయం. భాష మీద నిలబడిందనుకుంటే పొరపాటు. 2011 జనాభా లెక్కల్లో ఇంట్లో క్రెయోల్ మాట్లాడతామన్నవాళ్ళు 84 శాతం, భోజ్‌పురీ 5 శాతం. తెలుగు అందులో లెక్కలోకి రానంత. అయినా అదే జనాభా లెక్కల్లో మతం గడిలో చాలామంది "తెలుగు" అని రాస్తారు. తమిళులు, మరాఠీలు కూడా అంతే. ప్రభుత్వం మత సమాఖ్యలకు తలల లెక్కన నిధులిస్తుంది, తెలుగు గుళ్ళకు మారిషస్ ఆంధ్ర మహాసభ ఉంది, ఉగాది జాతీయ సెలవు. ఎస్టేటు గుమాస్తా మొదలుపెట్టిన వర్గీకరణను స్వతంత్ర దేశం పద్దుగా మార్చింది, జనం దాన్ని పండగగా మార్చుకున్నారు. భాష పోయాక దేవుడు మిగిలాడు. వాళ్ళ క్యాలెండరులో పెద్ద పూజలు సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రాత్రంతా దీపం చుట్టూ ఆడుతూ పాడే రామభజన. సింహాచలం చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళ భక్తి నూట యాభై ఏళ్ళుగా అలాగే నిలిచింది. బడుల్లో తెలుగు ఐచ్ఛిక పాఠ్యాంశం. భజన పుస్తకాలు మాత్రం చాలామంది రోమన్ లిపిలోనే చదువుకుంటారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. భజనకు వెళ్ళాలంటే ఏదైనా తెలుగు గుడిలో ముందు రోజు అడిగితే చాలు, పిలుస్తారు. "మీకు తెలుగు రాదా" అని అడగడం మాత్రం మర్యాద కాదు.

ఐదో రోజు: బ్వా షెరీ, గంగా తలావ్

పీఠభూమి దక్షిణాన చలి, పొగమంచు, ఉన్నట్టుండి వాన. స్వెట్టరు కావాలి. బ్వా షెరీ టీ ఫ్యాక్టరీ 1892 నాటిది, ఉదయమే వెళ్తే యంత్రాలు నడుస్తుంటాయి. వెనిలా టీ ఇక్కడి ప్రత్యేకత, మనకు అలవాటు కావడానికి రెండో కప్పు పడుతుంది.

అక్కడి నుంచి గంగా తలావ్ సరస్సు దగ్గరే. 1898లో త్రియోలే ఊరి నుంచి నడిచి వచ్చిన జట్టుతో శివరాత్రి యాత్ర మొదలైంది. 1972లో గంగ నీళ్ళు తెచ్చి కలిపారు. 2007లో 33 మీటర్ల శివుడు వచ్చాడు. శివరాత్రి వారంలో కాలినడక జనంతో రోడ్లు నిండిపోతాయి, కారు వేసుకుని వెళ్ళడం వృథా. విగ్రహం కన్నా దారిలో చెరకు చేల అంచున చెట్ల కింద కనిపించే కాళీమాయి గుళ్ళను గమనించాలి. ఏడు రాళ్ళు, కుంకుమ, ఎర్ర జెండా, అంతే. ఎస్టేటు యజమాని గుడికి ఇచ్చింది సాగుకు పనికిరాని మూల. కోత మొదలయ్యే ముందు అక్కడ మొక్కేవారు, ఇప్పటికీ మొక్కుతారు.

ఆరో రోజు: ల మోర్న్

నైరుతి మూలన సముద్రంలోకి పొడుచుకొచ్చిన 556 మీటర్ల కొండ. పారిపోయిన బానిసలు దాగిన చోటు, 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. 1835లో విడుదల కబురు చెప్పడానికి వచ్చిన పోలీసులను చూసి, పట్టుకోవడానికే వచ్చారనుకుని కొండ మీంచి దూకేశారన్న కథ ప్రతి క్రెయోల్ ఇంట్లో చెబుతారు. చరిత్రకారులకు దానికి కాగితం దొరకలేదు. కథను కథగానే వినాలి, కానీ తేలిగ్గా తీసుకోకూడదు.

ఎక్కడం: గేటు తెరిచే వేళకే, అంటే ఏడింటికే చేరాలి. పోను రాను మూడు, నాలుగు గంటలు. సగం దాకా వెడల్పాటి మట్టి బాట, ఎవరైనా నడవొచ్చు. తర్వాత చేతులు ఆనించి రాళ్ళు ఎక్కాలి. పట్టున్న బూట్లు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ముందు రాత్రి వాన పడితే ఆ రెండో భాగం జోలికి పోవద్దు, బసాల్టు మీద సన్నటి మట్టి పొర సబ్బులా జారుతుంది, ప్రమాదాలన్నీ దిగేటప్పుడే. బాట ఇనుప శిలువ దగ్గర ఆగుతుంది, అసలు శిఖరానికి దారి లేదు.

విడుదలయ్యాక మాజీ బానిసలు తోటల్లో ఉండటానికి ఇష్టపడలేదు. భూమి కొనే డబ్బు లేదు. చాలామంది ఈ పడమటి తీరాన చేపలు పట్టి బతికారు. 1880ల నుంచి యజమానులు పనికిరాని భూములను ముక్కలుగా అమ్మినప్పుడు కొన్నది ఎక్కువగా భారతీయులు, రోడ్ల వెంట సాగిన వాళ్ళ ఊళ్ళు అలా ఏర్పడ్డాయి. తీరం వెంట 81.21 మీటర్ల పట్టీ చట్టం ప్రకారం రాజ్యానిది, హోటళ్ళకు లీజుకిస్తారు. భూమి అన్యాక్రాంతం గురించి 2011లో నివేదిక ఇచ్చిన ట్రూత్ అండ్ జస్టిస్ కమిషన్ బానిసత్వాన్నీ కూలీ ఒప్పందాన్నీ కలిపి విచారించింది. దీవిలో అలాంటి పని అరుదు.

సాయంత్రం సెగా, బానిసల నుంచి వచ్చిన పాట, ఆట. హోటలు డిన్నరు షోలో వాడేది తరచు సింథటిక్ తోలు డప్పు, దాన్ని కాచే పనిలేదు. సెగా అసలు డప్పు రావాన్, దానికి మేకతోలు. తేమకు సడలుతుంది కాబట్టి వాయించే ముందు ప్రతిసారీ ఎండుటాకుల మంట మీద కాస్తారు. ఎక్కువ కాస్తే పగులుతుంది, తక్కువైతే మూగబోతుంది. చేతులతో ఊపే మారావాన్‌ను చెరకు పూల కాడలు పేర్చి, లోపల గింజలు పోసి చేస్తారు. మంట కనిపిస్తే ఆగండి, కనిపించకపోతే భోజనం చేసి వెళ్ళిపోవచ్చు. తేదీలు మన చేతిలో ఉంటే ఫిబ్రవరి 1న ఇక్కడ, నవంబరు 2న ఘాట్ దగ్గర ఉండేలా చూసుకోవాలి. రెండూ జాతీయ సెలవులే, మ్యూజియాలూ ఆఫీసులూ మూసి ఉంటాయి, ఆర్కైవు పని ముందు రోజే ముగించుకోవాలి.